మెమరీలో నీ ఓపీ నంబరు

నాయనా,

నీ సంవత్సరీకం అయిన మర్నాడే మళ్ళీ పనికి వచ్చాను. నరసరావుపేటలో నువ్వు చూపించుకున్న ఆసుపత్రిలోనే ఇప్పుడు నేను రోగుల రికార్డులుండే సర్వర్ చూసుకుంటున్నాను. రోజూ పొద్దున కమాండ్ టైప్ చేసి మెమరీలో ఏమున్నాయో చూస్తాను. ఈమధ్య ఎవరైనా అడిగిన రికార్డులే అందులో ఉంటాయి, అడగనివి జారిపోతాయి. ఈరోజు నీ ఓపీ నంబరు కనబడింది.

ఈ రికార్డు ఎవరు తీయించారని కౌంటర్లో కూర్చునే అక్కను అడిగాను.

"మీ అమ్మేనే. మిరప కోతలు లేనప్పుడల్లా మీ నాయన కార్డు పట్టుకొస్తది. రిపోర్టు వచ్చిందా అంటది. నువ్వు చెప్పమన్నట్టే, రాలేదనే చెప్తన్నా."

నువ్వు పోయిన మూడో రోజే రిపోర్టు వచ్చింది. నీ ఊపిరితిత్తుల్లో ఉన్నది క్వారీ దుమ్మని రాశారు. అన్న ఇంకా నువ్వు పనిచేసిన ఆ క్వారీకే పోతున్నాడు, వాడి కూలితోనే ఇల్లు నడుస్తోంది. అందుకే దాచాను.

ఈ సాయంత్రం వాడు రాగానే అమ్మనూ వాడినీ కూర్చోబెట్టి రిపోర్టు చదివి వినిపిస్తాను. రేపు వాడు ఏ పనికి పోతాడో నాకు తెలియదు.