వెనక వసారాకు తాళం

సుబ్బమ్మక్కా,

నువ్వు పోయి ఏడాదైంది. ఇది నువ్వు చదవవు. ఐనా మన ఆస్పత్రి సంగతి నీకు గాక ఇంకెవరికి చెప్పాల?

కర్నూలు రాజధాని అయినంక మనకూ ఇనప మంచాలు వచ్చినాయి. పాత మంచాలన్నీ వెనక వసారాలో పేర్చి తాళం వేసినారు. ఎవరన్నా మా చేతుల్లో ప్రాణం విడిచినప్పుడు, నర్సుల్నీ నన్నూ నువ్వు కూర్చోబెట్టిన వసారా అదే. "పిల్ల చచ్చిన గొర్రె ఆడనే నిలబడి అరుస్తాది. దాని అరుపు తీరేదాకా మావోళ్ళు మందను తోలరు అబ్బాయ్" అని, మా ఏడుపు తీరేదాకా తలుపుకు అడ్డం కూర్చునేదానివి. పెద్దారవీడులో గొర్ల కాడ పెరిగిన ఆయావి, నీకు తెలిసిన వైద్యం అదొక్కటే.

ఈ పొద్దు పొదిలి దోవలో లారీ తిరగబడింది. ఒకామె కొత్త నర్సు చెయ్యి పట్టుకోనే ప్రాణం విడిచింది. నర్సు కదల్లేదు.

"ఏందమ్మా, అట్ల నిలబడితివి? ఇంకా నలుగురున్నారు" అన్నాడు డాక్టరు. ఆయన తప్పేముంది, నలుగురూ నెత్తురోడుతున్నారు.

పనైనంక ఆ పిల్లను వెనక వసారా కాడికి తీసకపోయినా. తాళం చూసి, "ఏముందన్నా ఇక్కడ?" అనింది.

"ఏం లేదమ్మా, పాత మంచాలు" అన్నా. చీర కొంగుతో చేతులు తుడుచుకుంటా వార్డులోకి పోయింది.

నువ్వు పోయిన పొద్దు కూడా, కేసులొచ్చినాయని వార్డు గంట కొట్టినారక్కా. నేనూ ఏడుపు తీరకముందే లేచి వార్డులోకి పోయినాను. తలుపుకు అడ్డం కూర్చునే మనిషి లేదు గదా.

నీ కంపౌండరు తమ్ముడు