వంద పరుపుల ఆర్డర్

అక్టోబర్ 9
మొదటి బేరమే పోయింది. ఒకావిడ మంచాన పడ్డ తండ్రి కోసం దూది పరుపు అడిగింది. గుడ్డ నచ్చింది, దూది నచ్చింది, రేటు కూడా నచ్చింది. బిల్లు కింద వ్యాట్ చూడగానే మొహం మాడ్చుకుంది. ఎదురుగా మీ తమ్ముడి షాపులో ఇది వెయ్యరు కదండీ అంది.

వెయ్యడు. చిన్న వ్యాపారి కదా. ఏడాది అమ్మకం ప్రభుత్వం పెట్టిన గీత దాటనంత కాలం వాడికి వ్యాట్ గొడవ లేదు. నేను దాటి తొమ్మిదేళ్లయింది. సూది పట్టుకోవడం రాని వాడికి పరుపు అంచు కుట్టడం నేర్పింది నేను. ఐదేళ్ల క్రితం నాకెదురుగానే షాపు పెట్టాడు. అప్పటి నుంచి వాడితో మాట్లాడలేదు. పక్కలో బల్లెంతో ఏం మాట్లాడతాం?

ఆవిడ రోడ్డు దాటి వాడి షాపులోకి వెళ్లేదాకా చూస్తూ నిలబడ్డాను.

అక్టోబర్ 14
ఇంకో రెండు పోయాయి.

అక్టోబర్ 20, మధ్యాహ్నం
ఆడిటర్ వచ్చాడు. వాణ్ణి ఏమీ చేయలేమా అని అడిగాను. తప్పేమీ చేయడం లేదన్నాడు. నిజమే. డిసెంబర్ వచ్చేసరికి ఏటా షాపు మూసేసి మార్చి దాకా ఇంట్లో కూర్చుంటాడు, గిరాకీ ఉన్నా సరే, గీత దాటుతానేమో అని. చేతినిండా పనున్నా గోళ్లు గిల్లుకుంటూ కూర్చునే వ్యాపారి వీడొక్కడే.

ఆడిటర్ మాటల్లో మాటగా ఇంకోటి చెప్పాడు. గీత దాటించిన బిల్లు దగ్గర్నుంచి ప్రతి అమ్మకం మీదా వ్యాట్ కట్టాల్సిందేనట. కస్టమర్ దగ్గర వసూలు చేయకపోతే సొంత జేబులోంచి కట్టాలట. ఆఫీసుకి చెప్పకుండా ఊరుకుంటే జరిమానా కూడానట.

ఆడిటర్‌కి రెండో టీ తెప్పించాను.

నవంబర్ 3
హాస్టల్ వార్డెన్ వచ్చాడు. వంద పరుపులు, వంద దిండ్లు, నెలాఖరుకి. ఇంత ఆర్డర్ నా జన్మలో రెండుసార్లు చూశాను. నోరూరింది. వ్యాట్ కలిపి రేటు చెబితే గొణిగాడు. అప్పుడు తట్టింది. మా దగ్గర దూది అయిపోయిందండీ, ఎదురుగా మా తమ్ముణ్ణి అడగండి, వ్యాట్ కూడా ఉండదు అన్నాను. తోబుట్టువులంటే మీలా ఉండాలి అని మెచ్చుకున్నాడు.

వెనక గదిలో కప్పు దాకా దూది మూటలున్నాయి. ఆయన లేచేలోపే ఆ తలుపు దగ్గరికి వేశాను.

నవంబర్ 4
ఒప్పుకున్నాడు. వెధవ, ఒప్పుకున్నాడు.

నవంబర్ 22
ఎదురు షాపులో మిషన్ ఆగడం లేదు. ఇవాళ మరదలు ఐదేళ్ల తర్వాత నా షాపు గడప తొక్కింది. పెద్ద సూదులు కావాలంది. ఇచ్చాను. వేళ్ల నిండా గుడ్డపేలికలు చుట్టుకుని ఉంది. వదినా, ఈ ఆర్డర్ డబ్బుతో పిల్ల కాలేజీ ఫీజు ఒక్కసారే కట్టేస్తాం అంది. మంచిదన్నాను.

నవంబర్ 30
సరుకు చేరింది. రేటు చూసుకోవాలని చెప్పి వార్డెన్ దగ్గర బిల్లు జిరాక్స్ తెప్పించుకున్నాను. గుండ్రటి చేతిరాత. వాడికి అక్షరాలు దిద్దించింది కూడా నేనే. ఆ ఒక్క బిల్లే గీతలో సగం. మిగతా సగం వాడు ఆగస్టుకే అమ్మేసి ఉంటాడు.

సంతకం లేని ఉత్తరం రాసి, జిరాక్స్ జతచేసి వ్యాట్ ఆఫీసుకి పోస్ట్ చేశాను. కడుపు చల్లబడింది.

డిసెంబర్ 17, రాత్రి
ఉదయం పదకొండుకి ఇద్దరు ఆఫీసర్లు వచ్చి, మూసి ఉన్న వాడి షాపు తెరిపించారు. వాడి ముందు ఆ జిరాక్స్ పెట్టారు. స్టూల్ మీద కూర్చుని అన్నిటికీ తలూపాడు. నోట్లో నాలుక లేదు వాడికి, చిన్నప్పటి నుంచీ అంతే.

సాయంత్రానికి వీధంతా తెలిసింది. పన్ను, జరిమానా కలిపి ఆర్డర్‌లో మిగిలినదానికి మూడింతలట. వ్యాట్ డబ్బు ఇమ్మని వాడు వార్డెన్ కాళ్లావేళ్లా పడ్డాడట. రేటు ఒప్పుకున్నాక ఒక్క పైసా ఇవ్వనని ఆయన అన్నాడట.

జనవరి 12
వాడి షాపు ఖాళీ అయింది. దూది ఏకే మిషన్ నేనే కొన్నాను, సగం రేటుకి. ఇంకా తగ్గించి అడగాల్సింది. వాడు బేరమే ఆడలేదు. పిల్ల కాలేజీ మానేసి ఇంట్లో దిండు గలీబులు కుడుతోందట.

జనవరి 19
రేట్లు పెంచాను. వ్యాట్ పెరిగిందండీ అని చెబుతున్నాను. పెరగలేదు. ఎవరూ అడగరు, అడిగినా వెళ్లడానికి ఎదురుగా ఎవరూ లేరు.

అక్టోబర్‌లో వెళ్లిపోయిన ఆవిడ మళ్లీ వచ్చింది. పరుపు తడిసి పాడైందట, తండ్రి వీపంతా పుండ్లట. రేటు విని పర్సులో డబ్బు రెండుసార్లు లెక్కపెట్టుకుంది. చివరికి ఒక దిండు కొనుక్కుని వెళ్లింది. దిండు మీద కూడా వ్యాట్ వేశాను.

ఫిబ్రవరి 2
తమ్ముణ్ణి పనిలో పెట్టుకున్నాను. వాడే అడిగాడు. అంత ఆర్డర్ ఎలా ఒప్పుకున్నావురా, లెక్క తెలీదా అని తిట్టాను.

తెలుసన్నాడు. గీత దాటిపోతాం, వద్దు అని మరదలు కాగితం మీద వేసి మరీ చూపించిందట. వద్దని చెప్పడానికే వార్డెన్ దగ్గరికి వెళ్లాడట. మీ అక్కే పంపించింది అని ఆయన అనేసరికి నోరు రాలేదట. ఇన్నాళ్లకి అక్క నన్ను తలుచుకుంది, కాదంటే మళ్లీ తలుచుకోదనుకున్నాను అన్నాడు. వ్యాట్ సంగతి అక్కే ఆడిటర్‌తో చెప్పి సర్దుతుందిలే అనుకున్నాడట.

వాడి జీతం కాస్త పెంచుదామనిపించింది. పెంచలేదు.

ఫిబ్రవరి 20
వార్డెన్ ఇంకో యాభై దిండ్లకి వచ్చాడు. ఆ రోజు మీరు అడిగి తీసుకున్న బిల్లు జిరాక్స్ పనికొచ్చిందా అన్నాడు. ఆయన గొంతు పెద్దది. తమ్ముడు రెండడుగుల దూరంలో దిండులో దూది కూరుతున్నాడు. తలెత్తలేదు, చెయ్యి ఆపలేదు. ఆ దిండు నిండి, గట్టిపడి, కుట్టు పిగిలేదాకా కూరుతూనే ఉన్నాడు.

ఫిబ్రవరి 26
టైముకి వస్తున్నాడు, టైముకి వెళ్తున్నాడు. ఒక్క మాట అనడం లేదు. తిట్టినా బాగుండు.

మార్చి 1, ఆదివారం
పిల్ల ఫీజు డబ్బు కవర్లో పెట్టుకుని వాడింటికి వెళ్లాను. వాడే తలుపు తీశాడు. రండి మేడమ్, కూర్చోండి అన్నాడు.