గొంగడి మీద కొలువు

గురుకులం హాస్టలు,
20-1-2023

ప్రియమైన బాపూ,

మాకు ఇక్కడ ఫోన్లు పెట్టుకోనియ్యరు, ఉత్తరమే దిక్కు. ఆదివారం చూడొచ్చిన అమ్మ చెప్పింది. ఈ ఎండకాలం గూడ మన ఐదిండ్ల మందను అమ్రాబాద్ అడివికే తోలుకపోతవట, ఎవ్వర్నీ అడగలేదట. పోయినేడు అక్కడ నీళ్ళు దొరకక ముప్పై గొర్రెపిల్లలు సచ్చినయి. మరిచినవా?

నిర్మలమ్మ టీచర్ ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ పాఠం చెప్పింది. డెబ్బై రెండేండ్లు ఏలిండు, దేశసభను ఒక్కసారన్న పిలవలే. ఇంగ్లండు రాజు చార్లెస్ గూడ సభను కాదని పన్నులేసిండు. అది యుద్ధందాకా పోయి ఆయన తలే పోయింది. లూయీ బొమ్మ చూస్తే నాకు నువ్వే యాదికొచ్చినవ్.

నీ బిడ్డ,
రూప

29-1-2023

బంగారు తల్లి రూపకు, బాపు చెన్నయ్య రాసేది,

ఏడో తరగతి చదివినోన్ని, తప్పులుంటే దిద్దుకో. మందపెద్దను నేను. మా నాయిన నుంచి వచ్చిన గొంగడి మీద నేను కూసుంటే మిగిలినోళ్ళు నిలబడి వింటరు. మంద ముందల ఒక్కడే నడవాలె. ఐదుగురు నడిస్తే గొర్లు ఎటు పోతయ్? తలలు తీసే దేశం ముచ్చట నాకొద్దు. నువ్వు మంచిగ తిని పరీక్షలు రాయి.

బాపు

3-2-2023

ప్రియమైన మందపెద్దకు,

తల పోయిన ముచ్చటే పట్టుకున్నవ్ గని, పాఠం అక్కడ ఆగలే. నలభై ఏండ్లకు అదే ఇంగ్లండు కొత్త రాజును, రాణిని పిలిచి కిరీటం పెట్టింది. సభ ఒప్పుకోనిది పన్ను వెయ్యొద్దు, చట్టాన్ని పక్కకు పెట్టొద్దు అని షరతు. రాజు రాజే, ముందల నడిచేది ఆయనే. బయల్దేరే ముందు అడగాలె, అంతే.

సచ్చిన గొర్రెపిల్లలల్ల సగం మన పర్వతాలు చిన్నాయిన, స్వరూప చిన్నమ్మలవి. నష్టం వాళ్ళదైనప్పుడు మాట గూడ వాళ్ళది కావొద్దా? జర అడుగు బాపూ.

నీ రూప

కొత్తకోట దగ్గర, కాల్వ కింద పొలాల నుంచి,
18-2-2023

నా బిడ్డ రూపకు,

నీ మాట మీద అందర్ని పిలిచి గొంగడి మీద కూసోమన్న. ఒక్కరు కూసోలే. ఎటు పోదామని అడిగిన. "నువ్వెటంటే అటు" అన్నరు. మొదలు కోపమొచ్చింది, ఎనక సిగ్గయింది. ఇరవై ఏండ్లు వాళ్ళ నోరు మూపిచ్చింది నేనే గద.

నేనుంటే పలకరని లేచి, దూరంగ కుక్కల దగ్గరికి పోయి నిలబడ్డ. జరసేపటికి మీ అమ్మ గొంతు ఇనొచ్చింది. ఎనక స్వరూపది, ఆ ఎనక అందరివీ. నన్ను తిట్టుడు గూడ మంచిగనే ఇనొచ్చింది. పిలిచి చెప్పిన్రు: అడివి వద్దు, కోసిన వరిమళ్ళకు పోదాం.

వచ్చినం. నీళ్ళకు ఫికర్ లేదు. ఎరువు కోసం మందను పొలంల పండవెడితే రైతులు వడ్లు ఇస్తున్నరు. ఇప్పటిదాకా పిల్ల ఒక్కటి సావలే.

మంద ముందల ఇప్పటికీ నేనే నడుస్తున్న. గా ఇంగ్లండు రాజు షరతుకు ఒప్పుకున్ననాడు అన్నం తిన్నడో లేదో నీ పుస్తకంల చూసి రాయి. నేనైతే రెండు ముద్దలు ఎక్కువనే తిన్న.

నీ బాపు,
చెన్నయ్య