చీటీలో రాని మిషను

శనివారం, నవంబరు 2006

శనక్కాయ చెట్లు పీకుతుంటే కాలికి ముల్లు దిగి, అది చీము పట్టి, ఓబులమ్మ ఒళ్లంతా విషమెక్కింది. పెద్దాసుపత్రి ఐసీయూలో తెలివి లేకుండా ఉంది. రక్తాన్ని బయటికి తీసి, శుభ్రం చేసి, తిరిగి ఎక్కించే మిషను మీద అక్కడ పరిశోధన జరుగుతోంది. ఎవరికి మిషను, ఎవరికి మామూలు వైద్యం అన్నది చీటీ తేలుస్తుందట.

ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర వేయనని ఆమె భర్త నాగన్న, వాళ్ల పాస్టరునైన నాతో అన్నాడు. "చీటీలేస్తే నరకమని మైకులో అరిసింది నువ్వే గదన్నా?"

యేసు శిష్యులు పన్నెండోవాణ్ణి చీట్లు వేసి ఎంచుకున్న చోటు బైబిలు తెరిచి చూపించాను. "నేను తిట్టింది జూదాన్నప్పా. ఇది జూదం కాదు, వెయ్యి."

వేశాడు. చీటీలో మామూలు వైద్యం వచ్చింది.

"దేవుడు మాకు మిషను ఇయ్యలేదేమన్నా?"

నేను డాక్టరమ్మ వైపు చూశాను. ఆమే నెమ్మదిగా చెప్పింది. "మిషను మేలని తెలిసుంటే అందరికీ పెట్టేవాళ్లం నాగన్నా. తెలీదు కాబట్టే చూస్తున్నాం. మందులు మాత్రం ఆపం."

"తెలీదని చెప్పేకి ఇంత సదువు కావల్లనా తల్లీ!" అంటూ నాగన్న కాస్త నవ్వి, తలుపు దగ్గరే కూలబడ్డాడు.

ఇన్నేళ్లలో మైకు ముందు 'తెలీదు' అన్న మాట నేను ఒక్కసారీ అనలేదు. రేపు ఆరాధనలో, ఓబులమ్మ బతుకుతుందా అని అందరూ నన్నే అడుగుతారు.