రెండో పాయింట్

1958 డిసెంబర్ 14, వికారాబాద్

తన గొర్రెలను తానే దొంగిలించాడని కేసు పడ్డ మనిషి ఇవాళ నా ఆఫీసు గడప మీద కూర్చున్నాడు. పేరు బీరప్ప. పెద్దేముల్ దగ్గర ఊరు. లోపలికొచ్చి బెంచీ మీద కూర్చోమంటే బెంచీ మాస్తుందని రాలేదు. అంత వినయం నాకు పడదు. కాగితాలు తీసుకుని నేనే గడప దాకా జరగాల్సి వచ్చింది.

ఏటా కంది కోతలయ్యాక మల్లయ్య పటేల్ చేనులో బీరప్ప మంద పెడతాడు. గొర్రెలు రాత్రిళ్లు అక్కడే పడుకుంటాయి. చేనుకు ఎరువు దొరుకుతుంది. పటేల్ జొన్నలు కొలిచి ఇస్తాడు. ఆ జొన్నలే బీరప్పకు ఏడాది తిండి. ఈ ఏడు పటేల్ ఇంకా పిలవలేదు, కంది సగమే కోశారు. మందకు మాత్రం దారి అలవాటు. ముందు నడిచే పొట్టేలు చేను మలుపు రాగానే తనంతట తానే మళ్లింది. మిగతావి దాని వెంట పడ్డాయి. బీరప్ప వాగులో నీళ్లు తాగి వచ్చేసరికి నాలుగు సాళ్లు సఫా.

పటేల్ జీతగాళ్లు మందను పట్టుకుని బందెలదొడ్డికి తోలుకుపోతుంటే బీరప్ప దారిలో అడ్డం పడి ఇంటికి మళ్లించుకున్నాడు. మర్నాడే దొంగతనం కేసు. పంట మేస్తూ దొరికిన పశువును పట్టుకున్నవాడికి చట్టం ఒక అధికారం ఇస్తుంది, వాడి చేతిలోంచి లాక్కుపోతే సొంతదైనా దొంగతనం కావచ్చు అని చెప్పాను. బీరప్ప నవ్వాడు. నా గొర్లు నేను దొంగతనం చేసుడేంది సార్ అన్నాడు. భయపడాల్సిన చోట నవ్వేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. నువ్వు జైల్లో కూర్చుంటే మందను ఎవరు చూస్తారు అని అడిగాను. నవ్వు ఆగిపోయింది. ఇంట్లో అతనూ, పెళ్లాం శంకరమ్మా, అంతే.

1959 ఫిబ్రవరి 6, తాండూరు

ఇవాళ నా రోజు.

మల్లయ్య పటేల్‌ను బోనులో నిలబెట్టి క్రాస్ చేశాను. గొర్రెల మాటెత్తితే ఆయనకు కోపం, మర్యాద మాటెత్తితే గర్వం. కాబట్టి మర్యాద గురించే అడిగాను. ఈ మందను ఎప్పటి నుంచి పిలుస్తున్నారు పటేల్ అన్నాను. మా నాయిన కాలం నుంచి, ఒక్క ఏడు తప్పలే అన్నాడు. ఎవరితో కబురు పంపుతారు అన్నాను. కబురేంది వకీల్ సాబ్, నేనే పోత, ఆకువక్క చేతుల పెడత, కొత్త ధోతి కప్పుత, మా చేనుకు మందను తోలుకరా బీరప్పా అని నా నోటితోనే పిలుస్త, మాది గసొంటి ఇల్లు అన్నాడు. మేజిస్ట్రేటు అక్షరం పోకుండా రాసుకున్నాడు.

పటేల్ మీసం దువ్వుకుంటూ బోను దిగాడు. ఏం రాసిచ్చాడో ఆయనకు తెలియదు. నాకు తెలుసు. రైలెక్కిన తర్వాత కూడా నాలో నేను నవ్వుకుంటూనే ఉన్నాను.

1959 మార్చి 20

ఓడిపోయాం. నెల రోజుల శిక్ష. అప్పీలు తేలేదాకా బెయిల్ దొరికింది.

శంకరమ్మ కోర్టు మెట్ల మీదే కూలబడి ఏడ్చింది. నేను అప్పీలు గ్రౌండ్స్ ఆలోచిస్తూ నిలబడ్డాను. ఆమెకు ఒక్క మాట చెప్పాలని తోచలేదు.

1959 ఏప్రిల్ 2

అప్పీలు డ్రాఫ్ట్ జంగప్ప గారికి చూపించాను. ఉర్దూ కోర్టుల నాటి వకీలు, నాకు పని నేర్పినవాడు. ఇంట్లో కన్నడం, కోర్టులో ఉర్దూ, నన్ను తిట్టడానికి తెలుగు.

రెండు పాయింట్లు రాశాను. ఒకటి, దురుద్దేశం లేదు. నా గొర్రెలు నావే అని నమ్మి తోలుకుపోయినవాడు దొంగ కాడు. రెండు, ఆ చేనులోకి వెళ్లడం అసలు బీరప్ప హక్కు. తండ్రుల కాలం నుంచి ఒక్క ఏడు తప్పని కస్టమ్. పటేలే ఒప్పుకున్నాడు. హక్కున్నవాడి మంద వెళితే అది అక్రమంగా చొరబడటం కాదు, కాబట్టి వాటిని పట్టుకోవడమే చెల్లదు. మొదటిది ఏ జూనియర్ అయినా రాస్తాడు. రెండోది నాది.

జంగప్ప గారు పెన్సిల్ తీసి రెండోది అడ్డంగా కొట్టేశారు. గొర్లకాపరి జైలుకు పోవద్దు, గంతే గద, మొదటిది చాలదా అన్నారు. పిలిచి అన్నం పెట్టినోని ఇంటి మీద హక్కు అడుగుతరా నాయినా అని కూడా అన్నారు. ముసలాయనకు కన్ను కుట్టింది. ఇంటికొచ్చి పెన్సిల్ గీతను రబ్బరుతో తుడిచేశాను.

1959 జూన్ 28

బీరప్ప వచ్చాడు. నీకు ఆ చేను మీద హక్కుంది, అదే మన వాదన అని చెప్పాను. ఎవరైనా విన్నారేమోనని బజారు వైపు చూశాడు. గట్ల అనకుండ్రి సార్, పటేల్ పిలుస్తె పోతం, పిలువకుంటె పోం, పిలువక ముందే పోయినయి, గదే మా తప్పు అన్నాడు. తప్పనే మాట ఇంకెక్కడా అనొద్దని గట్టిగా కసిరాను. మాకేం ఎరుక సార్, మీరెట్లంటె గట్లనే అన్నాడు.

నాకు కావలసిందీ అదే.

1959 ఆగస్టు 19, హైదరాబాద్

సెషన్స్ జడ్జి మొదటి పాయింట్‌కే తల ఊపాడు. ఇందులో దొంగబుద్ధి ఎక్కడుందని ప్రాసిక్యూటర్‌నే ఎదురడిగాడు. అక్కడ నేను కూర్చోవచ్చు. కూర్చోలేదు. ఇంకొక పాయింట్ ఉంది మై లార్డ్ అన్నాను.

మల్లయ్య సాక్ష్యం చదివి వినిపించాను. ఆకువక్క, ధోతి, మా నాయిన కాలం నుంచి, అన్నీ. జడ్జి కలం తీసుకున్నాడు. ఏ వకీలుకైనా ఆ కలం కదలడం చూస్తే చాలు, ఆకలి ఉండదు. తీర్పు రిజర్వ్ చేశారు. నాంపల్లి స్టేషన్‌లో బీరప్ప నా సంచి మోస్తానన్నాడు. వద్దనలేదు.

1959 సెప్టెంబర్ 3

గెలిచాం! రెండు పాయింట్ల మీదా గెలిచాం. అనాదిగా వస్తున్న కస్టమ్ వల్ల ఆ మందకు ఆ చేనులో ప్రవేశించే రైట్ ఉన్నది అని జడ్జిమెంటులో ఉంది. అది నా వాక్యం. కామాతో సహా నాదే.

బార్ రూమ్‌లో అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించాను. జంగప్ప గారు ముట్టలేదు. కడుపు మంచిగ లేదన్నారు.

1959 సెప్టెంబర్ 5

శంకరమ్మ గొంగడి తెచ్చింది. వాళ్ల మంద ఉన్నితో ఆమె వడికి నేయించింది. కాళ్లు మొక్కబోతే పక్కకు జరిగాను. మస్తు సంబురంగ ఉన్నది సారూ, మా ఆయన ఇంట్ల ఉన్నడు అంది. నాకూ కళ్లు చెమ్మగిల్లాయి. ఇంత మంచి వృత్తి ఇంకొకటి లేదనిపించింది.

1960 జనవరి 17

అనంతగిరి వైపు నుంచి చలిగాలి. ఆ గొంగడి కప్పుకునే రాస్తున్నాను.

పొద్దున బీరప్ప వచ్చాడు. కంది కోతలు అయిపోయాయి. మల్లయ్య పటేల్ పిలవలేదు. అది అనుకున్నదే. కానీ చుట్టుపక్కల ఒక్క రైతూ పిలవలేదట. ఎదురుపడితే తల తిప్పుకుంటున్నారట. ఇంట్లో జొన్నలు అడుగంటాయి. నీకు తీర్పుంది, వెళ్లి పటేల్ చేనులోనే మంద పెట్టు, ఎవడు ఆపుతాడో చూస్తాను అన్నాను. బీరప్ప నన్ను చూసిన చూపు ఇంకా తగులుతూనే ఉంది. పిలువని జాగకు ఎట్ల పోతం సార్ అన్నాడు.

1960 జనవరి 24

పెద్దేముల్ వెళ్లాను. గొంగడి ఇంట్లోనే వదిలి వెళ్లాను.

మల్లయ్య పటేల్ తిడతాడనుకున్నాను. కుర్చీ వేయించి చాయ్ ఇప్పించాడు. అదే కష్టమనిపించింది. నేను మర్యాదకు పిలిచిన, మీరు గా మర్యాదనే పట్టుకొని నా చేను మీద హక్కు రాపిచ్చిన్రు అన్నాడు. నాలుగు సాళ్ల కంది కోసం కేసు పెట్టలేదట. పిలవక ముందే వచ్చాడని రోషం వచ్చిందట. బీరప్ప ఒక్కసారి ఇంటికొచ్చి పటేలా తప్పయింది అని ఉంటే ఆ రోజే ఆకువక్క పెట్టేవాడట. ఇప్పుడు దౌల్తాబాద్ దాకా తీర్పు సంగతి పాకింది. ఇయ్యాల మందను పిలుస్తె రేపు చేను పోతదని అందరికి ఫికర్ పట్టుకున్నది సార్ అన్నాడు.

అది క్రిమినల్ అప్పీలులో రాసిన మాట, దానితో భూమి మీద హక్కు పుట్టదు, సివిల్ కోర్టుకు అది కట్టుబాటు కాదు అని చాలాసేపు వివరించాను. ఓపికగా విన్నాడు. గది మీకెరుక, మాకెట్ల ఎరుకైతది అన్నాడు. హైకోర్టులో రివిజన్ వేశానని చెప్పి గుమ్మం దాకా సాగనంపాడు.

తప్పయింది అనే మాట. దాన్ని బీరప్ప నా దగ్గరే అన్నాడు. నేనే మింగించాను.

1960 ఫిబ్రవరి 8, బొంరాస్‌పేట

మా ఇంట్లోనే భూమి ఉండగా ఊళ్లు పట్టుకు తిరగడం ఎందుకని అన్న దగ్గరికి వచ్చాను. మా భూమి అంతా యాదగిరి అన్నే చూసుకుంటాడు. బీరప్ప మందను మన చేనుకు పిలువు అన్నాను. అన్న నోట్లో ముద్ద పెట్టుకోబోయి ఆగాడు. అందరి చేన్లల్ల హక్కులు పుట్టిచ్చినవ్, గిప్పుడు మన చేను మీద పడ్డవా అన్నాడు. వదిన నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయింది.

చివరికి ఒప్పుకున్నాడు. కానీ ముందు బీరప్ప స్టాంపు కాగితం మీద రాసివ్వాలట.

1960 ఫిబ్రవరి 9

"నాకు ఈ చేను మీద ఎటువంటి హక్కు లేదు, ఇకముందు ఉండబోదు." నా చేత్తో రాశాను. మంచి డ్రాఫ్ట్.

1960 ఫిబ్రవరి 13

కాగితం చదివి వినిపించాను. నేనెన్నడు హక్కు అడిగిన సార్ అన్నాడు బీరప్ప. నిష్ఠూరం కాదు, నిజంగానే గుర్తు చేసుకుంటున్నాడు. వేలిముద్ర వేశాడు. వేసి, మీ అన్న పిలువనీకి ఎప్పుడొస్తడు అని అడిగాడు.

అన్న రాడు, కాగితం ఉంది కదా, మందను తోలుకెళ్లు అన్నాను.

వేలి సిరా గొంగడికి తుడుచుకుంటూ చాలాసేపు కూర్చున్నాడు. పిలువకుంట పోయినందుకే గద సార్ గిదంత అన్నాడు. లేచి దండం పెట్టి వెళ్లిపోయాడు. బొంరాస్‌పేటకు పోలేదు. అన్నను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చైనా పిలిపించాల్సింది. అడగడానికి నాకు నామోషీ అయింది.

1960 మే 22

బీరప్ప మందను అమ్మేశాడట. ముందు నడిచే పొట్టేలును కసాయి కొన్నాడట. జంగప్ప గారు చెప్పారు. ఇంకేమీ అనలేదు. అంటే బాగుండేది.

1960 అక్టోబర్ 11

పటేల్ రివిజన్ మీద హైకోర్టు తీర్పు వచ్చింది. బీరప్ప నిర్దోషి అన్నది సరైనదే, దురుద్దేశం లేదన్న ఒక్క కారణం చాలు. మందకు హక్కుందా లేదా అన్నది ఈ కేసులో తేల్చవలసిన అవసరమే లేదు. కింది జడ్జి రాసిన ఆ భాగం నిలవదు.

బీరువాలోంచి పాత డ్రాఫ్ట్ తీశాను. తుడిచేసిన పెన్సిల్ గీత కాగితం మీద నొక్కుకుపోయి ఇంకా కనిపిస్తోంది. హైకోర్టు కొట్టేసింది సరిగ్గా ఆ పేరానే. జంగప్ప గారికి ఒక పెన్సిల్ చాలింది.

పెద్దేముల్‌కు మనిషిని పంపి తీర్పు చదివించాను. విన్నారట, మంచిదన్నారట. మందను పిలుస్తామని మాత్రం ఎవరూ అనలేదట. కోర్టులు ఇయ్యాల గిట్లంటయి, రేపు గట్లంటయి అన్నారట.

గెలిచిన కేసు. దాని కోసం ఏడ్చానని ఎవరికి చెప్పుకోను.

1960 డిసెంబర్ 5, తాండూరు

కోర్టు పని ముగించుకుని స్టేషన్‌కు వస్తుంటే వకీల్ సాబ్ అని కేక వినిపించింది. వ్యాగన్లలోకి నాపరాళ్లు ఎక్కిస్తున్న కూలీల్లోంచి బీరప్ప వచ్చాడు. ఒళ్లంతా బండ దుమ్ము. భుజం మీద గొంగడి లేకపోయేసరికి మొదట గుర్తుపట్టలేదు. నన్ను జైలుకు పోకుంట కాపాడింది గీ సారే అని తోటివాళ్లకు చూపించాడు. అందరూ పని ఆపి నాకు దండం పెట్టారు.

హైకోర్టు సంగతి చెప్పాను. హక్కు లేదన్నరా, మంచిగైంది సార్, పటేల్ మనసు చల్లబడుతది అన్నాడు. నాదే తప్పు బీరప్పా అన్నాను. అతనికి అర్థం కాలేదు. గెలిపిచ్చినోళ్లది తప్పెట్లయితది సార్ అన్నాడు. నా సంచి అందుకోబోయాడు. ఈసారి ఇవ్వలేదు.

1961 జనవరి 22, వికారాబాద్

మల్లయ్య పటేల్ వచ్చాడు. చేతిలో ఆకువక్క, మడత విప్పని ధోతి. తాండూరు పోయి పిలిచాడట. మంద లేనోన్ని ఏమని పిలుస్తవ్ పటేలా అని దండం పెట్టి తిరిగిచ్చేశాడట బీరప్ప. దీని మీద ఏ కోర్టుల అప్పీలు చెయ్యాలె వకీల్ సాబ్ అని అడిగాడు.

చాయ్ తెప్పించాను. అలాంటి కోర్టు లేదని చెప్పడానికి ఆయన తాగడం అయ్యేదాకా ఆగాను. ఆయన చాలా మెల్లగా తాగాడు.