నిచ్చెనలో చివరి అడ్డగీత

సెరిన్, కిమ్చీ పులుసు పొయ్యి మీద ఉంది, వేడి చేసుకుని తిను. ఈ రోజు స్కూలుకు వెళ్లకు. ఇల్లు కదలకు.

నీ క్లాసు బోమి నిన్న స్కూలు నుంచి ఇంటికి చేరలేదు. వాళ్లమ్మ ఫోన్ చేసి ఒకటే ఏడుపు. ఇద్దరం కలిసి డేజోన్ బస్టాండు, ఆ తర్వాత నెట్ సెంటర్లు వెతకడానికి వెళ్తున్నాం. పందేల సైటులోకి ఆ పిల్లను లాగింది నువ్వేనని ఆమెకింకా తెలియదు. దారిలో నేనే చెప్పాలి. ఏ నోటితో చెప్పాలో తెలియడం లేదు.

నీ ఫోన్ లాక్కుందామని చేయి చాపాను. నిద్రలో కూడా దాన్ని వదల్లేదు నువ్వు. కానీ బోమి ఎవరికైనా ఫోన్ చేస్తే నీకే చేస్తుంది. అందుకే వదిలేశాను. ఆ సైటు తెరవొద్దని చెప్పే ఓపిక లేదు, ఇప్పటికి ఎన్ని ఒట్లు వేశావో. ఫోన్ మోగితే మాత్రం ఎత్తు. "ఎక్కడున్నావే?" అని అడుగు. ఇంకేమీ అనకు.

"ఇది జూదమేంటమ్మా! గిన్నెలెవరు తోమాలో తేల్చుకోవడానికి మనం కాగితం మీద గీసుకునే నిచ్చెన ఆటే కదా. అందులో నాకెప్పుడూ కలిసొస్తుంది" అన్నావు మొన్న, ఆ సైటు సంగతి అడిగితే.

అమ్మ

ఇంకొక్క మాట. చిన్నప్పటి నుంచి నీకు ఒక్కసారి కూడా గిన్నెల వంతు పడలేదు, గుర్తుందా? నువ్వు నీ నిలువుగీత ఎంచుకున్నాక, నీ దారి గిన్నెల వైపు దిగకుండా పక్క గీతకు మళ్లేలా చివరి అడ్డగీత నేను గీసేదాన్ని. నీ అదృష్టం నేను గీసిందే తల్లీ. ఆ సైటులో గీసేది అమ్మ కాదు.