పొయ్యి ఎలిగించని ఐస్‌క్రీం

కంబదూరు దగ్గర పల్లె నుంచి,
జూన్ 18

అపక్వాహార కేంద్రం పెద్దలకు కుళ్ళాయప్ప దండం పెట్టి రాసుకునేది.

అనంతపురంలో ఆసుపత్రి బయట మీ కాగితం దొరికినాది. ‘పొయ్యి లేదు, పాలు లేవు, ఇంట్లోనే ఐస్‌క్రీం’ అని ఉండాది. ఫోన్ చేద్దామంటే ‘మా కేంద్రంలో పొయ్యీ లేదు, ఫోనూ లేదు, ఉత్తరాలే’ అని కింద వేసినారు. అందుకే రాస్తాండా.

నా పెళ్ళాం తిమ్మక్కకు గొంతులో గడ్డ. ఇంక మా చేతుల్లో లేదు, ఇంటికి పిలుచుకొని పోండి అన్నారు డాక్టర్లు. వేడిది దిగదు, కారం దిగదు, పాలు తాగితే దగ్గు. ఆయమ్మకు ఐస్‌క్రీం మీద మనసు పడినాది. కంబదూరులో కొని ఆటోలో తెస్తే ఇంటికొచ్చేలోపల నీళ్ళే. నాలుగుసార్లు తెచ్చినా. పాలు లేకుండా ఎట్ల చేయల్లో బిరీన రాయండి. ఎక్కువ దినాలు లేవు.

ఇట్లు,
కుళ్ళాయప్ప

తా.క.: తిమ్మక్క అడగమంటాంది. పొయ్యి లేకుండా బతికే ఉపాయం మీకు ఇప్పుడు తెలిసినాదా? మేము కరువులో శానాసార్లు చేసినాము అంటాంది.

---

హైదరాబాదు,
జూన్ 26

నూతన సభ్యులు కుళ్ళాయప్ప గారికి అభినందనలు!

నిప్పును వదిలి ప్రకృతి వైపు తొలి అడుగు వేశారు. శ్రీమతి గారి గొంతు నొప్పికి వంట పొగే కారణమై ఉంటుంది, కంగారు పడకండి.

రెండు గుప్పెళ్ళ వేరుశనగ పప్పు రాత్రంతా నానబెట్టి, నీళ్ళు మూడుసార్లు మార్చి పారబోయండి. మెత్తగా రుబ్బి పాలు తీయండి. బాగా మగ్గిన అరటిపళ్ళు, ఖర్జూరం కలిపి మళ్ళీ రుబ్బి, ఫ్రీజర్లో గడ్డ కట్టేదాకా ఉంచండి. అంతే!

ఒక్కటే నియమం: ఇంట్లో పొయ్యి వెలగకూడదు. ఎన్ని రోజులు వెలగలేదో రాసి పంపితే ప్రశంసాపత్రం పంపుతాం.

భవదీయురాలు,
హేమలత, ఉత్తరాల విభాగం

తా.క.: మీ ఉత్తరం మీద పసుపు మరక ఉంది. పోపు పెట్టారని అనుమానం. ఈసారికి క్షమించాం.

---

జులై 4

హేమలతమ్మకు కుళ్ళాయప్ప రాసేది.

ఇత్తనానికని దాచిన శనక్కాయలు వలిచి నానబెట్టినా. వాన రాలేదు, ఇత్తేది లేదు, ఇంక దాచి ఏం లాభం? నీళ్ళు మూడుసార్లు పారబోయమన్నారు. మా పక్క ఆ మాట గట్టిగా అంటే కొడతారమ్మా, ట్యాంకరు వచ్చేదే నాలుగు దినాలకు ఒకసారి. ఆ నీళ్ళు మేకలకు పోసినా.

పొయ్యి సంగతి మాత్రం నా వల్ల కాదు. మా కాడ మనిషి పోయిన ఇంట్లోనే పొయ్యి ఎలిగించరు. ఆయమ్మ కండ్ల ముందరే ఉండంగా ఆర్పల్లంటే నాకు చెయ్యి రాలేదు.

రుబ్బింది బాగా వచ్చినాది, గడ్డే కట్టలేదు. తిప్పేష్ అంగడి ఫ్రిజ్జులో పై అర చెడిపోయినాది. ఊర్లో గట్టిగా చల్లబడే పెట్టె ఇంకొకటి ఉండాది, పంచాయితీది. ఆరడుగుల పొడుగు, పైన అద్దం మూత. ఒక మనిషి సాపుగా పడతాడు. దాన్ని ఇయ్యమని తిరుగుతాండా.

ఇట్లు,
కుళ్ళాయప్ప

తా.క.: తిమ్మక్క మాట: ‘గొంతులో గడ్డ అడక్కుండానే కట్టినాది. గిన్నెలో గడ్డకు ఇంత బతిమాలుకోవల్లనా?’

---

జులై 11

కుళ్ళాయప్ప గారికి,

ఆరడుగులదా! అద్దం మూతా! అంత పెద్ద ఫ్రీజరు మా కేంద్రంలోనే లేదు. ఒక పల్లె పంచాయితీ ఇంత ముందుచూపుతో ఉందంటే మా కళ్ళు చెమర్చాయి. మా మాసపత్రికలో వేస్తాం. ఇప్పటివరకు ఎంతమంది వాడారు? వాడినవారు ఏమంటున్నారు? ఎవరైనా లోపల సంతోషంగా చూస్తున్న ఫొటో ఒకటి పంపగలరా?

భవదీయురాలు,
హేమలత

తా.క.: ఈసారి మీ ఉత్తరం మీద మరక లేదు. మంచి మార్పు!

---

జులై 18

హేమలతమ్మకు,

పెట్టెను ఇంతవరకు పద్నాలుగు మంది వాడినారు. ఎవరూ ఏమీ అన్లేదు. బాగలేదని కూడా ఎవరూ చెప్పలేదు.

ఫొటో అడిగితే సర్పంచి ఆదెన్న కొట్టేదానికి వచ్చినాడు. వట్టిగా తెరిస్తే ఊరికి మంచిది కాదంట. ఎర్రన్న తాత పోతే అప్పుడు తెరుస్తారంట, నీ గిన్నె అప్పుడు మూలన పెట్టుకో అన్నాడు. ఆయప్ప పోయిన వారమే పోవల్ల. ఊరంతా చూస్తాండాము. పోనే లేదు. ఈడ తిమ్మక్కకు పొద్దుకు రెండు చెంచాల గంజినీళ్ళు దిగుతాండాయి. ఆయప్ప ముందా, ఈయమ్మ ముందా అని దినాలు లెక్క పెడతాండా.

ఇట్లు,
కుళ్ళాయప్ప

తా.క.: ఎర్రన్న తాత నిన్న రెండు ముద్దలు సంగటి తినినాడంట. ‘ముసలోడు నా ఐస్‌క్రీం మీద పగబట్టినాడు’ అని తిమ్మక్క తిడతాంది.

---

జులై 25

కుళ్ళాయప్ప గారికి,

ఎర్రన్న గారు త్వరగా పోవాలని సభ్యులందరం కూర్చుని ప్రార్థన చేశాం. పెద్దవాళ్ళకు ప్రయాణమంటే బద్ధకం సహజం. మీరే బ్యాగు సర్ది, నలుగురూ కలిసి చక్కగా సాగనంపండి. తిరిగి ఎప్పుడొస్తారో కూడా కనుక్కోండి, ఆలోపే ఐస్‌క్రీం తీసేయాలి కదా!

భవదీయురాలు,
హేమలత

తా.క.: వారు పోయే చోట మనవాళ్ళు ఎక్కువగా ఉంటారా? కరపత్రాలు పంపుతాను, పంచిపెట్టమనండి.

---

ఆగస్టు 14

హేమలతమ్మకు కుళ్ళాయప్ప రాసేది.

మీ ఉత్తరం చదివి వినిపిస్తే తిమ్మక్క నవ్వినాది. నవ్వితే గొంతు చీరుకుపోతాది, అయినా నవ్వినాది. మీకు పుణ్యం ఉంటాది తల్లీ.

అది చచ్చిపోయినోళ్ళను పెట్టే పెట్టె. దూరం నుంచి అయినోళ్ళు వచ్చేదాకా పీనుగ చెడిపోకుండా. రాసేదానికి నాకు సిగ్గయినాది.

‘ఎర్రన్న మామను నమ్ముకుంటే కాదు, నేనే పోతా’ అనె తిమ్మక్క. ఒక శుక్రవారం తెల్లారే రుబ్బినాము. ఆయమ్మ చాప మీద పండుకొని కండ్లు మూసుకున్నాది. నేను వీధిలోకి పోయి ఏడ్చినా. దొంగ ఏడుపని మొదలుపెట్టినా గాని మళ్ళ ఆపేది నా చేత కాలేదు. ఆదెన్న పెట్టె తెప్పిచ్చి కరెంటు పెట్టినాడు. ‘ఆమె తమ్ముడు ముదిగుబ్బ నుంచి వచ్చి చాప మీదనే చూడల్ల, అందాక పెట్టె చల్లబడనీండి’ అని చెప్పి గిన్నె లోపల పెట్టినా. ఏందప్పా అది అనిరి. ఆయమ్మకు ఇష్టమైంది అంటి.

సాయంత్రం దాకా ఏడ్చినారు. పక్కింటి మల్లీశ్వరి పదేండ్ల నుంచి మాతో మాట్లాడదు. ఆయమ్మ వచ్చి ‘నీ కోడిని కోసుకొని తినింది నేనే అక్కా’ అని తల బాదుకున్నాది. ఇంక ఆగేది లేదని నలుగురు వంగి పెట్టెలోకి ఎత్తబోతే తిమ్మక్క కండ్లు తెరిచి ‘ముందు గిన్నె తీయండ్రా’ అనింది. ఇద్దరు గోడ దూకినారు. ఆదెన్న తిట్టిన తిట్లు ఉత్తరంలో రాసేవి కావు.

గడ్డ కట్టినాదమ్మా. ఐదు చెంచాలు తినింది. ఐదూ దిగినాయి. మిగిలింది ఏడ్చినోళ్ళందరికీ పంచమనింది. మల్లీశ్వరికి మాత్రం ‘కోడి తినినావు కదా’ అని చివర్న పెట్టిచ్చినాది.

తొమ్మిది దినాలకు, మొన్న ఆదివారం, నిజంగానే పోయినాది. వీధిలోకి పోయి చెప్పినా. ఒక్కరూ ఏడవలేదు. నవ్వుకుంటా వచ్చినారు, అందరి చేతుల్లో గిన్నెలు. మల్లీశ్వరి చెంచా కూడా తెచ్చుకున్నాది. ఆయమ్మ చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకపోయి తిమ్మక్క మొగం చూపించినా. ఆ గిన్నెలు మా వాకిట్లో సాయంత్రం దాకా అట్లే పడి ఉన్నాయి.

మీరు అడిగినారు కదా. మా ఇంట్లో పొయ్యి మూడు దినాలు ఎలగలేదు. ఆ ప్రశంసాపత్రం తిమ్మక్క పేరు మీద రాయండి.

ఇట్లు,
కుళ్ళాయప్ప

తా.క.: ఎర్రన్న తాత లేచినాడు. నిన్న కర్ర పట్టుకొని మా ఇంటికి వచ్చి, ఆ పొద్దు నాకు మాత్రం పంపలేదే, మళ్ళ ఎప్పుడు చేస్తావురా అన్నాడు. నువ్వు పో తాతా, చేస్తా అంటి. ఇద్దరమూ నవ్వినాము. మళ్ళ ఆయప్పే నా తల నిమిరినాడు.